రెండు గల్లులు, ఎన్ని పేర్లు? మా చెక్కబొమ్మల ప్రాజెక్టు డైరీ

నవంబరు 2

పోయిన జనవరిలో మా తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుని తడ దగ్గరి భీమునివారిపాళెం రేవుకు వెళ్ళాను. పులికాట్ సరస్సులో చేపల పడవలు వచ్చి ఆగే చోటది. వలలు దులుపుతుంటే గల్లులు అనే పెద్ద సముద్రపు పక్షులు వచ్చి కొయ్యల మీద వాలాయి. అక్కడి జాలర్లకు ఇవన్నీ సముద్రపు కాకులే. పక్కపక్క కొయ్యల మీద రెండు నిలబడ్డాయి. ఒకదాని వీపు పలకలాగా ముదురు బూడిద రంగు, రెండోదాని వీపు అంతకంటే ఒక పిసరు లేత. దూరపు పక్షిని దగ్గరగా చూపే స్కోప్‌లోంచి చూస్తున్న పాప కన్ను తీయకుండానే అడిగింది: "టీచర్, రెండూ ఒకటేనా?"

నా సంచిలో ఉన్న పాత ఫీల్డ్ గైడ్ ప్రకారం ముదురుది హ్యూగ్లిన్స్ గల్, అదొక విడి జాతి. ఫోన్‌లో ఈబర్డ్ (చూసిన పక్షులను నమోదు చేసే యాప్) తెరిస్తే అది లెస్సర్ బ్లాక్-బ్యాక్డ్ గల్‌లో ఒక ఉపజాతి. లేతది స్టెప్పీ గల్, అదీ ఆ గొడుగు కిందే. నేను రెండు జవాబులూ చెప్పాను. పాప రెండూ నోట్‌బుక్‌లో రాసుకుని పక్కన పెద్ద ప్రశ్న గుర్తు పెట్టింది. సంవత్సరమంతా ఆ ప్రశ్న గుర్తు నా మనసులో ఉండిపోయింది.

ఈ చలికాలం దానికి చేతులతో జవాబు వెతుకుదామని అనుకున్నాను. రెండు పక్షులనూ అసలు సైజులో చెక్కతో చేయించి, రంగులు మేమే వేసి, బడి వరండాలో పెట్టాలి. బొమ్మలైతే పిల్లలు దగ్గరికి వెళ్ళి, పట్టుకుని, పక్కపక్కన పెట్టి చూడొచ్చు. స్కోప్‌లో పది సెకన్లు కనిపించి ఎగిరిపోయే పక్షితో ఆ పని కుదరదు. పేరు రాసే చెక్క ఒకటి చేయించాలా, రెండు చేయించాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

నవంబరు 9

పొద్దున్నే ఏర్పేడు దాటి మాధవమాల. కొయ్యబొమ్మలకు పేరున్న ఊరు కాబట్టి ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. నేను కలిసిన అన్న వెంకటేశ్వరస్వామి విగ్రహానికి నగలు చెక్కుతున్నాడు. ఫోటోలు చూపించాను.

"ఇదేం పక్షి మేడం, కాకా, కొంగా?"

"సముద్రపు కాకి అన్నా. పులికాట్‌కి చలికాలంలో వస్తుంది. రెండు కావాలి, కొంచెం తేడాతో."

ఆయన రెండు ఫోటోలనూ చాలాసేపు చూశాడు. "తేడా ఏడుండాది చెప్పండి. ఉలికి తెలవాల గదా."

అక్కడే నేను ఆగిపోయాను. పుస్తకంలో చదివిన తేడాలన్నీ 'కొంచెం', 'సాధారణంగా' అన్న మాటలతోనే ఉంటాయి. హ్యూగ్లిన్స్ కాస్త పెద్దది. స్టెప్పీ తల కాస్త చిన్నది, గుండ్రం. ఉలికి 'కాస్త' అంటే ఎంత? పైగా గల్లుల్లో మగది ఆడదానికంటే పెద్దగా ఉంటుంది. మగ స్టెప్పీ, ఆడ హ్యూగ్లిన్స్ పక్కపక్కన నిలబడితే పుస్తకంలో రాసిన సైజు తేడా తలకిందులు కావచ్చు.

చివరికి రెండింటికీ ముక్కు నుంచి తోక దాకా సుమారు 60 సెంటీమీటర్లు పెట్టుకున్నాం. తలలు మాత్రం వేరు: ఒకదానికి నుదురు కాస్త పలకగా, ఇంకోదానికి గుండ్రంగా. వేప చెక్క వాడదామన్నాడు అన్న. పురుగు పట్టదు, పిల్లలు కింద పడేసినా తట్టుకుంటుంది. అడ్వాన్సు ఇచ్చి వచ్చాను.

నవంబరు 15

ఈ వారం అంతా చదువే. ఒక గల్‌కు ఇన్నిసార్లు పేరు మారిందని తెలుసుకోవడం నాకే కొత్త.

మొదటి నుంచీ చెబితే ఇలా. లెస్సర్ బ్లాక్-బ్యాక్డ్ గల్‌కు లారస్ ఫస్కస్ అని పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1758లో. హ్యూగ్లిన్స్ గల్‌ను 1876లో వర్ణించారు. ఆ పేరు జర్మన్ అన్వేషకుడు థియోడర్ వాన్ హ్యూగ్లిన్‌ది. ఇది రష్యా ఉత్తరపు అంచున టండ్రాలో గూడు పెడుతుంది. స్టెప్పీ గల్‌కు బారాబెన్సిస్ అన్న పేరు 1960లో వచ్చింది, పశ్చిమ సైబీరియాలోని బారాబా గడ్డిమైదానం పేరు మీద. అది అక్కడి సరస్సులలో, ఉత్తర కజకిస్తాన్‌లో పిల్లలు చేస్తుంది. ఎండాకాలంలో ఎక్కడెక్కడో ఉండే ఈ రెండూ చలికాలం మన తీరాల్లో ఒకే పడవ చుట్టూ తిరుగుతాయి. హ్యూగ్లిన్స్‌ను ఒకప్పుడు హెర్రింగ్ గల్‌లో కలిపారు, తర్వాత విడి జాతి అన్నారు, ఇప్పుడు ఎక్కువ జాబితాలు లెస్సర్ బ్లాక్-బ్యాక్డ్‌లో కలిపాయి. ఇన్ని మార్పులు జరిగినా పక్షి ఒక్క ఈక కూడా మార్చుకోలేదు.

ఇందులో నన్ను బాగా కదిలించింది వలయ జాతి కథ. నేను డిగ్రీలో చదివి, పదేళ్ళుగా పిల్లలకు చెబుతున్న పాఠం అది. 1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాయర్ దీన్ని ప్రసిద్ధి చేశాడు. ఉత్తర ధ్రువం చుట్టూ గల్లులు ఒక గొలుసులాగా పరుచుకున్నాయి, ప్రతి పొరుగు రకం పక్క రకంతో జత కడుతుంది, కానీ గొలుసు రెండు కొసలూ పశ్చిమ యూరప్‌లో కలిసేసరికి హెర్రింగ్ గల్, లెస్సర్ బ్లాక్-బ్యాక్డ్ గల్ రెండు వేరు జాతులుగా పక్కపక్కన బతుకుతాయి. వినడానికి ఎంతో అందంగా ఉంటుంది. 2004లో లీబర్స్, డి క్నైఫ్, హెల్బిగ్ అనే పరిశోధకులు ఈ గల్లుల డీఎన్‌ఏ పరీక్షించి, అక్కడ అలాంటి వలయం లేదని తేల్చారు. ఈ గుంపుకు రెండు పాత పుట్టిళ్ళు కనిపించాయి: ఒకటి ఉత్తర అట్లాంటిక్ వైపు, రెండోది అరల్-కాస్పియన్ ప్రాంతం. అమెరికా హెర్రింగ్ గల్, యూరప్ హెర్రింగ్ గల్ ఒక గొలుసులో వరుసగా వచ్చినవి కావు. మన హ్యూగ్లిన్స్ మూలాలు అరల్-కాస్పియన్ వైపువి.

సోమవారం క్లాసులో ఈ పాఠాన్ని సరిదిద్ది చెప్పాలి. పాత బ్యాచ్ పిల్లలకు కూడా ఎలాగైనా చేరవేయాలి.

నవంబరు 23

పులికాట్. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట బస్సు, అక్కడి నుంచి ఆటో. ఈసారి చేతిలో ఒక పట్టీ ఉంది.

గల్లుల మీద పనిచేసేవాళ్ళు వీపు రంగును మాటల్లో చెప్పరు. ముదురు, లేత అన్న మాటలు మనిషి మనిషికీ మారతాయి కాబట్టి కొడాక్ గ్రే స్కేల్ అనే పట్టీతో పోల్చి నంబరు చెబుతారు. తెలుపు నుంచి నలుపు దాకా 20 మెట్లు. మాకు అది దొరకలేదు. అదే పద్ధతిలో ఒక పట్టీ మేమే తయారుచేసుకున్నాం. డ్రాయింగ్ షీట్ మీద యాక్రిలిక్ తెలుపు, నలుపు చెంచాలతో కొలిచి కలుపుతూ 20 గళ్ళు. మా నంబర్లు మా పట్టీకి మాత్రమే, వాటిని ఏ పుస్తకంలోని అంకెతోనూ పోల్చకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాను.

మబ్బు పట్టి ఉండడం కలిసొచ్చింది. ఎండలో బూడిద రంగు తెల్లబడి కనిపిస్తుంది, సూర్యుడికి ఎదురుగా చూస్తే నల్లబడుతుంది. నలుగురు పిల్లలు, ఒక స్కోప్. ఒకరు చూడాలి, ఒకరు పట్టీ పట్టుకోవాలి, ఒకరు రాయాలి, నాలుగో వాళ్ళు మొదటివాళ్ళు చెప్పింది వినకుండా మళ్ళీ చూసి తమ నంబరు చెప్పాలి. మూడు గంటల్లో పెద్ద గల్లులు పదకొండు దొరికాయి. పిల్ల పక్షులను వదిలేశాం. ఈ పెద్ద గల్లులకు పూర్తి రంగు రావడానికి సుమారు నాలుగేళ్ళు పడుతుంది, అప్పటిదాకా ఒంటి మీద గోధుమ రంగు ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

వచ్చిన నంబర్లు ఇవి: ఏడు రెండు, ఏడున్నర ఒకటి, ఎనిమిది మూడు, ఎనిమిదిన్నర రెండు, తొమ్మిది రెండు, పది ఒకటి.

పది వచ్చిన పక్షికి మెడ వెనక ముదురు గీతలు దట్టంగా ఉన్నాయి, అది హ్యూగ్లిన్స్ అనడానికి నాకు సందేహం లేదు. ఏడు వచ్చిన రెండింటికీ తల దాదాపు తెల్లగా ఉంది, ముక్కు చివర నల్లపట్టీ ఉంది, అవి స్టెప్పీలే. మరి ఎనిమిదులు, ఎనిమిదిన్నరలు? పుస్తకాల్లో కూడా ఈ రెండు రకాల బూడిద రంగులూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయనే ఉంది. చదివినప్పుడు అది ఒక వాక్యం. ఇక్కడ ఐదు పక్షులు నీళ్ళలో నిలబడి మా పట్టీలోని రెండు గళ్ళ మధ్య కనిపించాయి. పదకొండింటిలో ఐదు!

పడవలో ఐసు దించుతున్న పెద్దాయనను అడిగాను, ఈ రెండూ వేరు వేరు పక్షులా అని. "ఒకటే రకమమ్మా. నల్లది ముసిలిది," అన్నాడు. వయసును బట్టి రంగు మారుతుందని ఆయన గమనించిన మాట నిజం. పిల్ల గల్ పెద్దదయ్యేసరికి గుర్తుపట్టలేనంత మారుతుంది. కానీ ఈ రెండూ పూర్తి రంగు వచ్చిన పెద్దవే. ఆయన మాటను కూడా తేదీతో సహా రాసుకున్నాం.

నవంబరు 30

బొమ్మలు వచ్చాయి. వేప వాసనతో గదంతా నిండిపోయింది. పిల్లలు ఉప్పు కాగితంతో రుద్దుతున్నారు. వారంలో ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

డిసెంబరు 7

రంగు తప్పింది. శుక్రవారం సాయంత్రం ట్యూబులైటు కింద హ్యూగ్లిన్స్ బొమ్మ వీపుకు పట్టీలోని తొమ్మిదో గడి సరిపోయేలా కలిపి వేశాం. శనివారం పొద్దున వరండాలో పెట్టి చూస్తే పదిన్నర. నాకు చాలా టెన్షన్ అయింది, ఎందుకంటే అదే డబ్బాలో తెలుపు కలిపి స్టెప్పీకి కూడా వేసేశాం.

కారణాలు వెతికితే మూడు కనిపించాయి. యాక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. ట్యూబులైటు వెలుగులో నీలం ఛాయ ఎక్కువ. మూడోది మా తొందర: తెల్ల ప్రైమర్ ఒక్క పూతే వేశాం, వేప ఎరుపు కిందినుంచి తొంగి చూస్తోంది. మొత్తం గీకేశాం. ఈసారి రెండు పూతల ప్రైమర్, మిగిలిన వేప ముక్కల మీద ఆరు రకాల బూడిద, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున పది గంటలకు వరండా నీడలో పట్టీతో పోల్చడం.

ఆ ఆరు ముక్కలూ బల్ల మీద వరుసగా పెట్టినప్పుడు ఒక అబ్బాయి చేసిన పని రాయాలి. ముక్కలను కలిపేసి, "టీచర్, ఇందులో హ్యూగ్లిన్స్ ఎక్కడ ఆగుతుంది?" అంటూ ఒక్కొక్కరినీ గీత గీయమన్నాడు. పదిమంది నాలుగు చోట్ల గీశారు.

ఈ చర్చలో జాతుల జాబితా చేసేవాళ్ళ ఇబ్బంది అంతా ఆ బల్ల మీదే ఉంది. రంగుతో గీత పడదు. సరే, ఒకదానితో ఒకటి జత కడతాయా అని చూద్దామంటే, పెద్ద గల్లులు చాలా చోట్ల పక్క జాతులతో జత కడతాయి. డీఎన్‌ఏ చూద్దామంటే, ఇవి విడిపోయి ఎక్కువ కాలం కాలేదు, తేడా కొద్దిగానే ఉంటుంది. అందుకే ఏ ఒక్క కొలతా చాలదు. అరుపు, ఈకలు మార్చే కాలం, గూడు కట్టే చోటు, జన్యువులు అన్నీ కలిపి చూసి మనుషులు తీర్పు చెప్పాలి. తీర్పులు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. అమెరికా పక్షి శాస్త్రవేత్తల సంఘం 2017లో థేయర్స్ గల్‌ను ఐస్‌లాండ్ గల్‌లో కలిపేసింది. అదే సంఘం 2021లో మ్యూ గల్‌ను రెండు చేసింది, 2024లో హెర్రింగ్ గల్‌ను ముక్కలు చేసింది. 2025లో ప్రపంచ జాబితాలన్నీ ఒక్కటయ్యే ప్రయత్నంగా ఏవిలిస్ట్ వచ్చింది. పేర్లలో ఒప్పందం వస్తే మాలాంటి బడులకు మేలే.

డిసెంబరు 14

మాధవమాల అన్న తిరుపతికి పనిమీద వచ్చి బడికి కూడా వచ్చాడు. రంగు వేసిన తలలు చూసి సంతోషించాడు. ముక్కు కింది వైపు ఎర్రచుక్క దగ్గర ఆగాడు.

"ఈ బొట్టు ఎందుకు మేడం?"

జంతువుల ప్రవర్తనను పరిశోధించిన నికో టిన్‌బర్గెన్ కథ చెప్పాను. హెర్రింగ్ గల్ పిల్లలు తల్లి ముక్కు మీది ఎర్రచుక్కను పొడిచి తిండి అడుగుతాయి. దాన్ని పరీక్షించడానికి ఆయన అట్టతో గల్ తలలు చేసి, చుక్క రంగు మార్చి, పిల్లలకు చూపించాడు. 1973లో ఆయనకు నోబెల్ వచ్చింది. బొమ్మ తలతో పరీక్ష చేశారంటే అన్న ముఖం వెలిగిపోయింది. ఆ చుక్కను మళ్ళీ తనే వేశాడు, సన్న బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి.

తర్వాత అసలు మాట అడిగాడు. "ఇంతకీ ఇవి ఒకటేనా, రెండా? మీరు రెండు నెలలుగా చూస్తా ఉండారు."

అజోర్స్ దీవుల కథ గుర్తొచ్చింది. అట్లాంటిక్‌లోని ఆ దీవుల్లో చిన్న నల్లటి స్టార్మ్ పెట్రెల్ పక్షులు బొరియల్లో గూడు పెడతాయి. ఒకే చోట కొన్ని ఎండాకాలంలో పిల్లలు చేస్తాయి, కొన్ని చలికాలంలో. చూడ్డానికి దాదాపు ఒకటే. అదే బొరియలోకి ఒక కాపురం ఖాళీ చేశాక ఇంకొకటి రావచ్చు. వాటి మధ్య సముద్రం లేదు, కొండ లేదు, క్యాలెండర్ ఒక్కటే గోడ. ఎండాకాలం పక్షులు వేరే జాతి అని 2008లో ప్రకటించారు, వాటిని ముందుగా అనుమానించి పరిశోధించిన లూయిస్ మోంటెయిరో పేరు పెట్టారు. ఆయన 1999లో విమాన ప్రమాదంలో పోయారు.

అన్న అంతా విని, "అయితే కంటికి ఒకటిగా ఉన్నా రెండు కావచ్చు," అన్నాడు. అవును. అలాగే మన గల్లులు కంటికి రెండుగా ఉన్నా ఒకటి కావచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఇప్పటికి తెలిసినదాన్ని బట్టి ఒకే జాతి అనడం సబబే. కానీ కలిపేసిన మర్నాటి నుంచి చూసేవాళ్ళు తేడా రాయడం మానేస్తారు, నా భయమంతా అదే. మన తీరంలో 'లెస్సర్ బ్లాక్-బ్యాక్డ్, 40' అని రాస్తే, టండ్రా పక్షులు తగ్గి స్టెప్పీ పక్షులు పెరిగినా ఆ 40 అలాగే ఉంటుంది. మధ్యధరా సముద్రపు బాలేరిక్ షియర్‌వాటర్ అనే పక్షిని ఒకప్పుడు మ్యాంక్స్ షియర్‌వాటర్‌లో ఉపజాతిగా లెక్కపెట్టేవారు. విడిగా చూశాక అది అంతరించిపోయే అంచున ఉన్న పక్షి అని ప్రపంచానికి అర్థమైంది. పేరు ఏదైనా లెక్క విడిగా ఉండాలి.

డిసెంబరు 28

మళ్ళీ భీమునివారిపాళెం. ఈసారి రెక్కల కొనలు చూడ్డానికే వెళ్ళాం, ఎందుకంటే బొమ్మల్లో అక్కడ పొరపాటు ఉంది.

హ్యూగ్లిన్స్ గల్ రెక్క ఈకలు చాలా ఆలస్యంగా మార్చుకుంటుంది. ఉత్తరాది నుంచి ఇంత దూరం వచ్చాక కూడా చలికాలమంతా ఆ పని నడుస్తూనే ఉంటుంది. అందుకే డిసెంబరులో చూస్తే బయటి పెద్ద ఈకలు ఇంకా పెరుగుతూ, రెక్క కొన మొద్దుగా కనిపిస్తుంది. మేమేమో యూరప్‌లో ఎండాకాలం తీసిన ఫోటోలు చూసి పొడవాటి కొన చెక్కించాం. ఆ రోజు దగ్గరగా దొరికిన ముదురు వీపు పక్షి ఒకటి రెక్క చాచి వొళ్ళు విరుచుకుంది. చివరి రెండు ఈకలు పక్కవాటికంటే పొట్టిగా ఉన్నాయి. కొత్త ఈకలు నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఒక పాత ఈక అంచు చిరిగి, వెలిసి గోధుమ రంగులోకి వచ్చింది. పిల్లలు ముగ్గురూ విడివిడిగా బొమ్మ గీశారు, మూడూ కలిశాయి.

బొమ్మ రెక్క కొన రెండున్నర సెంటీమీటర్లు కోయించాలి. మన పులికాట్ పక్షి మన పులికాట్ కాలంలో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి.

జనవరి 11

కోత అయింది, రంగు అయింది. హ్యూగ్లిన్స్ వీపు తొమ్మిది, స్టెప్పీ వీపు ఏడున్నర, ఎండలోనూ నీడలోనూ మా పట్టీతో సరిపోయాయి. కాళ్ళు పసుపు. ఒకదాని మెడ మీద గీతలు, ఇంకోదాని తల తెలుపు, ముక్కు మీద నల్లపట్టీ.

పేరు చెక్కలు మూడు చేయించాను. పెద్దది 'లెస్సర్ బ్లాక్-బ్యాక్డ్ గల్', రెండు బొమ్మలకూ కలిపి, పై నుంచి కొక్కేలతో వేలాడుతుంది. కింద ఒక్కొక్క బొమ్మకూ చిన్న చెక్క: 'హ్యూగ్లిన్స్, టండ్రా నుంచి', 'స్టెప్పీ, సైబీరియా గడ్డిమైదానాల నుంచి'. చిన్నవాటికి మేకులు కొట్టాం. పెద్దదానికి మేకు వద్దన్నాను. రేపు జాబితా మారితే అది దించి కొత్తది తగిలించాలి.

మూడో బొమ్మ కావాలని పిల్లలే అడిగారు. నవంబరులో ఎనిమిదికీ ఎనిమిదిన్నరకీ మధ్య కనిపించిన ఆ ఐదింటి కోసం. అన్న మిగిలిన వేపతో చెక్కి పంపాడు, ప్రైమర్ వేసి తెల్లగా మధ్యలో నిలబెట్టాం. దానికి చిన్న చెక్క లేదు. ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు అలాంటి పక్షినొకదాన్ని పూర్తిగా రాసుకుని వచ్చి, దాని రంగులే వేస్తాం.

వచ్చే ఏడాదికి లిటిల్ టెర్న్, సాండర్స్ టెర్న్ అనే రెండు చిన్న పక్షుల బొమ్మలు అనుకుంటున్నాం. అవి గల్లులకంటే కష్టం: గూడు కాలపు రంగుల్లో నుదుటి తెల్లమచ్చ ఆకారం, రెక్క కొనలో ఎన్ని ఈకలు నల్లగా ఉన్నాయి, కాళ్ళ రంగు, ఇంతే ఆధారం. చలికాలపు రంగుల్లో అదీ ఉండదు.

ప్రశ్న గుర్తు పెట్టిన పాప ఇప్పుడు పదో తరగతి. ఇవాళ వరండాలో బొమ్మల ముందు నిలబడి, పోయిన జనవరి పేజీ తెరిచి, ప్రశ్న గుర్తును అలాగే ఉంచి, కింద డిసెంబరు 28న తను చూసిన పక్షిని ఎక్కించింది: "వీపు 9. మెడ వెనక గీతలు చాలా. ముక్కు పసుపు, ఎర్రచుక్క, నల్లపట్టీ లేదు. కళ్ళు లేత పసుపు. రెక్క కొన పొట్టి, చివరి రెండు ఈకలు పెరుగుతున్నాయి. మబ్బు. ఉదయం 8.40. మూడో కొయ్య మీద, ఒంటికాలి మీద నిలబడింది."